రెండో పిన్ను

తాతబాబు చేతుల బేడీలు తీయించడానికి అనూరాధకి పదిహేను నిమిషాలు పట్టింది. ఏసీపీ సంతకం ఉన్న ఉత్తరం ఎదురుగా పెట్టినా సీఐ గుణశేఖర్ దాన్ని రెండుసార్లు చదివి, ఫోన్‌లో ఫొటో తీసుకుని, ఏసీపీ ఆఫీసుకి ఫోన్ చేసి అది నిజమైనదేనని తేల్చుకున్నాకే హెడ్ కానిస్టేబుల్ తవిటయ్య వైపు తల ఊపాడు.

"అరగంట," అన్నాడు. "ముప్ఫై ఒకటో నిమిషానికి వీడు మళ్ళీ నా జీపులో ఉండాలి."

"రిపేరుకి ఇరవై నాలుగు నిమిషాలు చాలు," అంది అనూరాధ. "శనివారం ఇతనికి దొరికినవీ అంతే."

ఆనందపురం దాటాక కొండవాలులో వేసిన ఆఫ్‌రోడ్ రేసు అది. శనివారం పొద్దున్న పద్నాలుగో నంబరు జీపు మొదటి రౌండ్‌లోనే బండని గుద్దుకుని, ముందు చక్రాలు రెంటినీ కలిపి తిప్పే టై రాడ్‌ని వంచుకుంది. 9:41కి ఈ షెడ్డుకి చేరింది. మెకానిక్ తాతబాబు రాడ్ మార్చి 10:05కి బయటికి పంపాడు. 10:30కి రెండో రౌండ్ మొదలైంది. 10:42కి ఒక దిగుడు మలుపులో స్టీరింగ్ తిరిగింది గానీ చక్రాలు తిరగలేదు. జీపు ముప్ఫై అడుగుల లోతులో పడింది. డ్రైవర్ దేవీప్రసాద్ ఇంకా కళ్ళు తెరవలేదు. పక్క సీట్లో కూర్చుని దారి చదివి చెప్పే నావిగేటర్ నీలిమ నుదుటి మీద ఆరు కుట్లతో బయటపడింది.

పోలీసుల లెక్క సూటిగా ఉంది. టై రాడ్ చివర నట్టు ఊడిపోకుండా దానికి అడ్డంగా ఒక సన్నటి పిన్ను దూర్చి, దాని రెండు కాళ్ళూ చెరోవైపుకి వంచుతారు. పడిన జీపులో ఆ పిన్ను లేదు. తాతబాబు పనిముట్ల ట్రేలో మాత్రం కాళ్ళు వంచని కొత్త పిన్ను ఒకటి దొరికింది. వారం కిందట అతను దేవీప్రసాద్‌తో అందరి ముందూ గొడవపడ్డాడు. గుణశేఖర్‌కి అంతకంటే అక్కర్లేకపోయింది.

నిన్న పొద్దున్న తాతబాబు భార్య సీతాలు డాబా గార్డెన్స్‌లో అనూరాధ ఆఫీసు మెట్లెక్కి ఒక్కటే మాట చెప్పింది: "మా ఆయన పిన్ను మర్సిపోయే మనిషి కాడమ్మా." పదిహేనేళ్ళు ఇన్సూరెన్సు కంపెనీల తరఫున పగిలిన వాహనాలు చూసీ, ఆరేళ్ళుగా సొంతంగా డిటెక్టివ్ పని చేస్తూనూ, అనూరాధ ఇలాంటి మాటలు వందల్లో విన్నది. చాలావరకు అబద్ధాలే. ఇదీ అబద్ధమేనేమో. అందుకే ఆమె వాదించడానికి రాలేదు, శనివారం అతను చేసిన రిపేరు మళ్ళీ చేయించి చూడటానికి వచ్చింది.

షెడ్డులో టీమ్ రెండో జీపు, పదిహేనో నంబరుది, కుడివైపు గోడకి దగ్గరగా నిలబడి ఉంది. నిన్న సాయంత్రం నుంచి షెడ్డుకి పోలీసు తాళం. ఆగిపోయిన రేసు రేపు ఉదయం మళ్ళీ మొదలవుతుంది.

"మా బండి మీదే చేయించండి, నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు టీమ్ ఓనరు వీరేంద్ర. పోర్టులో దిగిన సరుకులు విడిపించే క్లియరింగ్ ఏజెన్సీ నడిపే మనిషి. ఇస్త్రీ చెదరని చొక్కా, మెత్తటి గొంతు. "ఎడమ చక్రం మీద చేయించండి. కుడివైపు గోడ, ఇరుకు."

"రేపు దీన్ని మీరే తోలుతున్నారా?"

"తోలాల్సింది నేనే. కానీ నీలిమ పట్టుబట్టి తన పేరు వేయించుకుంది. దేవీ కోసం తోలతానంది. వద్దన్నా వినలేదండీ." ఆయన నిట్టూర్చాడు.

తలుపు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న నీలిమ ఆ మాటలు వినేంత దూరంలో లేదు.

తాతబాబు మణికట్లు రుద్దుకుంటూ జీపు ముందు నిలబడ్డాడు. జాలరిపేట మనిషి. ఫిషింగ్ హార్బర్లో బోటు ఇంజన్లు బాగుచేస్తుంటే, పనితనం చూసి వీరేంద్ర ఇక్కడికి తెచ్చుకున్నాడు. రెండు రాత్రుల లాకప్‌కి మొహం పీక్కుపోయింది గానీ చేతులు వణకటం లేదు. అనూరాధ మొదట చూసింది ఆ చేతుల్నే.

"ఏటి సెయ్యమంటారు మేడమ్?"

"శనివారం ఏం చేశావో అదే. ఎవరో చూస్తున్నారని బాగా చెయ్యొద్దు. అలవాటుగా చెయ్యి."

10:40. ఆమె చేతి గడియారం చూసుకుంది.

జాకీ లేచింది. చక్రం ఊడి పక్కకొచ్చింది. తాతబాబు ప్లయర్‌తో పాత పిన్ను కాళ్ళు సరిచేసి లాగి, నట్టు విప్పాడు. సుత్తితో చక్రాన్ని తిప్పే ఇనపకమ్మీ పక్కన రెండే రెండు దెబ్బలు. రాడ్ చివర దానంతటదే కిందికి జారింది. పని మొదలయ్యాక అతని మొహంలో భయం తగ్గింది. అనూరాధ పక్కనే గొంతుకూర్చుంది. చేతులు పనిలో ఉన్న మనిషి అబద్ధం అల్లడానికి తీరిక దొరక్క తడబడతాడని ఆమెకి తెలుసు.

"దేవీప్రసాద్‌తో గొడవేంటి?"

స్పానర్ ఆగలేదు. "గొడవ కాదండి. మాటా మాటా అనుకున్నాం."

"అతనితో పని చెయ్యనన్నావట."

"అన్నానండి. కోపమొచ్చీసింది."

"ఎందుకొచ్చింది?"

అతను గుణశేఖర్ వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు. "పోర్టు కాడ్నుంచి సామాన్ల పెట్టెలు మూడొచ్చాయండి. బైటి దేశం సామాను. రెండు ఇప్పమన్నారు. మూడోది ముట్టుకోవద్దని ఓనరుగారు సెప్పారు. దేవీబాబు వొచ్చి ఆ మూడోదే ఇప్పమన్నాడు. నాను ఇప్పనన్నాను. 'ఇప్పకపోతే నువ్వూ ఆలతోనే ఉన్నావనుకుంటాను' అనీసినాడు. ఎవులతోనండీ? నాకేటి తెలుసు?"

"ఈ సంగతి సీఐ గారికి చెప్పావా?"

"అడగలేదండి. పిన్ను పెట్టావా లేదా, అదొక్కటే అడిగినారు."

అనూరాధ తల తిప్పకుండానే కళ్ళు తిప్పింది. అవతల గోడకి ఆనుకున్న వీరేంద్ర ఫోన్ చూస్తున్నాడు. చూస్తున్నాడే గానీ, బొటనవేలు తెర మీద కదలటం లేదు.

కొత్త రాడ్ చివర బిగిసింది. నట్టు గాడీ, బోల్టు కన్నమూ ఒక వరసలోకి వచ్చేదాకా తాతబాబు వెంట్రుకవాసి మేర తిప్పాడు. తర్వాత పిన్నుల పేకెట్టు అరచేతిలో తట్టాడు. రెండు పడ్డాయి. ఒకటి తీసి ట్రేలో పెట్టాడు, రెండోది కన్నంలో దూర్చి, ఒక కాలు పైకీ ఇంకోటి కిందికీ వంచాడు.

"ఆగు," అంది అనూరాధ. "ట్రేలో ఏం పెట్టావు?"

తాతబాబు ట్రే వంక చూశాడు. తనే పెట్టిన వస్తువుని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "పిన్నండి."

"పెట్టేది ఒకటైతే రెండెందుకు తీశావు?"

"ఎప్పుడూ రెండే తీత్తానండి. బోటు ఊగుతాది కదండీ. సేతిలోంచి పిన్ను జారితే అడుగున నీట్లోకి ఎలిపోద్ది. మళ్ళీ లెగిసి పేకెట్టు ఎతుక్కోవాల. అందుకని ఒకటి పక్కనెట్టుకుంటాను."

"శనివారం కూడా?"

"సెప్పాను కదండీ. ఎప్పుడూనూ."

అనూరాధ లేచి మోకాళ్ళు దులుపుకుంది. 11:03. "సీఐ గారూ, మీకు ట్రేలో దొరికిన పిన్ను ఇది. అది పెట్టడం మర్చిపోయిన పిన్ను కాదు, పెట్టాక మిగిలిన రెండోది."

గుణశేఖర్ నవ్వాడు. "బాగా రిహార్సల్ చేయించారు."

"రెండ్రోజులుగా మీ లాకప్‌లో ఉన్నాడు. నేనతన్ని చూడటం ఇదే మొదలు, అదీ మీ ఎదురుగా. రిహార్సల్ ఎక్కడ చేయించానంటారు?"

"ఎలమంచిలి లారీ కేసులో కూడా ఇలాగే ఏదో బ్రేకు పైపు పట్టుకొచ్చి నా కేసు చెడగొట్టారు. గుర్తుందా?"

"ఆ క్లీనర్ కుర్రాడు ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు. అది గుర్తుంది."

గుణశేఖర్ మొహంలో నవ్వు ఆరిపోయింది. "రెండు పిన్నులు తీశాడనే అనుకుందాం. ఒకటి పెట్టాడని ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. మీకు ఆరు నిమిషాలున్నాయి."

ఆమె జవాబు చెప్పకుండా బయటికి నడిచింది. ఆ మనిషి మొండివాడే గానీ అడిగింది సరైన ప్రశ్నే, అదే ఆమెకి చికాకు.

నీలిమ ఇరవయ్యారేళ్ళ పిల్ల. నుదుటి కట్టు కింద కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అనూరాధ ఇంకో కుర్చీ లాక్కుంది.

"10:05 నుంచి 10:30 దాకా జీపు ఎక్కడుంది?"

"స్టార్టింగ్ దగ్గర వరసలో మేడమ్. నేను 10:12కి బయల్దేరే టైము రాసిచ్చే కాగితం తేవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి 10:20. దేవీ నీళ్ళకోసం దిగాడు. కాసేపు జీపు దగ్గర ఎవరూ లేరు."

"జీపులో కెమెరా ఉంది కదా."

"పగిలిపోయింది. పోలీసులు రాసుకున్నారు."

"కెమెరా పగిలింది. మెమరీ కార్డు పెట్టే చోట మూత మాత్రం చక్కగా తెరిచి ఉంది. పడితే మూత విరుగుతుంది నీలిమా. తెరుచుకోవాలంటే ఎవరో గోటితో తీయాలి."

ఆ పిల్ల చూపుడువేలి గోరు అరచేతిలోకి ముడుచుకుపోయింది. "అందులో ఏముందో నేను చూడలేదు. చూడ్డానికి ధైర్యం చాల్లేదు. రుషికొండలో నా రూమ్‌లో ఉంది. మధ్యాహ్నం తెచ్చిస్తాను, ఒట్టు."

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

మాట వెంటనే వచ్చింది, చూపు మాత్రం అనూరాధ భుజం మీదుగా షెడ్డులోకి వెళ్ళి వచ్చింది. అబద్ధం. ఎందుకు ఆడుతోంది? భయమా, లేక ఈ పిల్లకీ ఇందులో భాగముందా? జీపు దగ్గర ఎవరూ లేని ఆ సమయం గురించి తెలిసింది ఈమెకే. కార్డు తీసి దాచుకున్నదీ ఈమే.

"ఇంత దెబ్బ తగిలాక రేపు మళ్ళీ తోలతానని పట్టుబట్టావట?"

నీలిమ ఆశ్చర్యంగా తలెత్తింది. "నేనా? పొద్దున్న వీరేంద్ర సారే పిలిచి అడిగారు. దేవీ కోసం నువ్వే తోలాలన్నారు. కాదనలేకపోయాను. ఎనిమిదిన్నరకి పేరు మార్పించేశారు."

అనూరాధ ఇంకో ప్రశ్న వేసేలోపే వెనకనుంచి మెత్తటి గొంతు వినిపించింది. "నీలిమా, ఎండలో కూర్చోకమ్మా. కుట్లు లాగుతాయి."

వీరేంద్ర ఎప్పుడొచ్చాడో అడుగుల చప్పుడు కూడా కాలేదు.

ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. ఎవరన్నది తేల్చకుండానే అనూరాధ లోపలికి వచ్చింది. గుణశేఖర్ ఫోన్ తీసి సిద్ధంగా ఉన్నాడు.

"వెళ్ళేముందు ఇది చూసి వెళ్ళండి. పిన్ను సరిగ్గా పెడితే ఎలా ఉంటుందో కోర్టుకి చూపించడానికి నిన్న నేనే తీయించాను. ఇదే జీపు, కుడి చక్రం. కాళ్ళు రెండూ ఎంత చక్కగా వంచి ఉన్నాయో చూడండి. ఓ జీపుకి ఇంత బాగా పెట్టినవాడు ఇంకో జీపుకి పెట్టలేదంటే మర్చిపోయి కాదు, కావాలనే."

ఫొటో మీద టైము ఉంది. నిన్న, ఆదివారం సాయంత్రం 6:10.

"ఎన్నింటికి తాళం వేశారు?"

"ఆరున్నరకి. అప్పటిదాకా నేనిక్కడే ఉన్నాను. తాళంచెవి నా జేబులోనే ఉంది."

"తాతబాబూ, ఈ పిన్ను ఎవరు పెట్టింది?"

అతను ఫోన్‌లోకి వంగి చూశాడు. "నాదేనండి. శుక్రవారం పెట్టాను."

"అయితే ఫొటో ఎందుకు, అసలుదే చూద్దాం. జీపుని గోడనుంచి కొంచెం ఇవతలికి నెట్టండి."

"వద్దు!" అన్నాడు వీరేంద్ర గుమ్మంలోంచి. తన గొంతు తనకే గట్టిగా వినిపించినట్టుంది, వెంటనే తగ్గించాడు. "రేపు రేసు ఉందండీ. తనిఖీ అయిపోయిన బండి. ఒక చక్రం విప్పి చూసుకున్నారు కదా. ఇంకో దాని మీద కూడా చెయ్యి పడితే మళ్ళీ తనిఖీ అంటారు."

"ఎడమ చక్రం పూర్తిగా ఊడదీస్తే మీరేమీ అనలేదు. కుడి చక్రం వంగి చూస్తానంటేనే అభ్యంతరమా?"

"సీఐ గారూ, మీరు చెప్పండి," అన్నాడు వీరేంద్ర.

గుణశేఖర్ గడియారం చూశాడు. "టైమయిపోయింది మేడమ్."

"ఉత్తరం మీ దగ్గరే ఉంది. 'అరగంట' అని ఎక్కడ రాసుందో చూపించండి. అది మీరు పెట్టిన గడువు."

ఇంతలో వీరేంద్ర ఫోన్ చెవికి పెట్టుకుని, "చూసుకోండి, చూసుకోండి, ఆస్పత్రి నుంచి ఫోన్," అంటూ బయటికి వెళ్ళిపోయాడు. ఫోన్ మోగిన చప్పుడు మాత్రం అనూరాధకి వినిపించలేదు.

ఎడమ చక్రం తిరిగి బిగించి, జాకీ దించి, జీపుని రెండడుగులు ఇవతలికి నెట్టారు. తాతబాబు టార్చి పట్టుకుని కుడి చక్రం వెనక్కి పాకాడు.

"ఏటిది?" అన్నాడు లోపల్నుంచి. "మేడమ్... ఇలగ రండి ఓపాలి."

అనూరాధ నేల మీద పడుకుని తల దూర్చింది. నట్టులో పిన్ను తల కనిపిస్తోంది. పైనుంచి వంగి చూసేవాడికి పిన్ను ఉన్నట్టే ఉంటుంది. తాతబాబు దాన్ని గోటితో తాకాడు. గ్రీజు ముద్దతో సహా ఊడి అతని అరచేతిలో పడింది. కాళ్ళు లేని తల. నట్టు వేలితో తిప్పితే తిరుగుతోంది.

"కటింగ్ ప్లయర్‌తో కాళ్ళు కోసీసి, నట్టు మూడు సుట్లు వొదులు సేసీసినారండి. గ్రీజెట్టి తల అంటించీసినారు. ఓ మైలు దూరం నడుత్తాది. గోతుల్లో పడ్డాక నట్టూడిపోద్ది." అతను ఆ తలని టార్చి వెలుతురులో తిప్పి చూపించాడు. "దేవీబాబుకీ ఇలగే సేసుంటారండి."

గుణశేఖర్ కూడా మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. లేచేసరికి మొహం రంగు మారింది. అయినా పోలీసు బుర్ర ఊరుకోలేదు. "అంటే గురి వీరేంద్ర గారి మీద! ఇది ఆయన తోలాల్సిన బండి."

"పొద్దున్న ఎనిమిదిన్నర దాకా," అంది అనూరాధ. "నిన్న 6:10కి పిన్ను చక్కగా ఉందని మీ ఫొటోయే చెప్తోంది. ఆరున్నరకి తాళం వేశారు. అప్పుడు తాతబాబు మీ లాకప్‌లో ఉన్నాడు. ఇది తాళం పడ్డాక జరిగింది. తాళంచెవి ఎవరికిచ్చారు?"

"ఎవరికీ..." అని ఆగిపోయాడు.

"సీఐ గారూ."

తవిటయ్య నేల చూపులు చూస్తున్నాడు. గుణశేఖర్ గొంతు సవరించుకున్నాడు. "పొద్దున్న తొమ్మిదీ పదికి. బండి కాగితాలు లోపలుండిపోయాయి, రేపటికి కావాలన్నారు. పావుగంటలో తెచ్చిచ్చేశారు."

"ఎవరు?"

"వీరేంద్ర గారు."

అనూరాధ వేళ్ళు మడుస్తూ చెప్పింది. "పోర్టు నుంచి వచ్చిన మూడో పెట్టె విప్పమని దేవీప్రసాద్ పట్టుబట్టాడు, దాన్ని ముట్టుకోవద్దన్నది వీరేంద్ర. ఎనిమిదిన్నరకి తనే అడిగి నీలిమ పేరు వేయించాడు. నాతో మాత్రం ఆమే పట్టుబట్టిందన్నాడు. తొమ్మిదీ పదికి తాళంచెవి తీసుకున్నాడు. కుడి చక్రం వైపు నన్ను రానివ్వకూడదని చూశాడు. శనివారం ఆ జీపు దగ్గరికి ఎవరొచ్చారో కెమెరా కార్డులో ఉంది. కార్డు నీలిమ దగ్గరుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదని నాతో అబద్ధమాడింది. ఈయనకే చెప్పి ఉంటుంది. పోలీసులకి చెప్పొద్దని ఈయనే అని ఉంటాడు." చెబుతూ చెబుతూనే ఆమె గుమ్మం వైపు నడిచింది.

నీలిమ కుర్చీ ఖాళీగా ఉంది.

వెనక గేటులో ఉన్న కానిస్టేబుల్ దగ్గరికి తవిటయ్య పరిగెత్తి వెనక్కొచ్చాడు. "ఎలిపోనారు మేడమ్. పదకొండూ ఇరవైకి. దేవీప్రసాద్ బాబు కళ్ళు తెరిసినాడు, నిన్నే అడుగుతన్నాడని సెప్పి, ఆ పిల్లని పికప్పులో ఎక్కించుకున్నాడంట."

గుణశేఖర్ అప్పటికే ఆస్పత్రికి ఫోన్ చేశాడు. రెండే మాటలు మాట్లాడి పెట్టేశాడు. "దేవీప్రసాద్ కళ్ళు తెరవలేదు. వాళ్ళక్కడికి రాలేదు."

11:30. అనూరాధ నీలిమ నంబరు నొక్కింది. నాలుగు రింగుల తర్వాత ఎత్తింది.

"చెప్పక్కా."

పొద్దుటినుంచీ మేడమ్ అన్న పిల్ల అక్కా అంటోంది. మాట వెనకాల బోలు చప్పుడు. స్పీకర్ పెట్టి ఉంది. ఆయన వింటున్నాడు.

"ఆస్పత్రికి చేరారా?" అంది, వీలైనంత మామూలుగా.

వీరేంద్ర గొంతు పలికింది. "దారిలో ఉన్నామండీ. హైవే మీద ట్రాఫిక్ ఎక్కువగా ఉంది."

ట్రాఫిక్ అంటున్నాడు, ఒక్క హారన్ లేదు. టైర్ల కింద రాళ్ళు పొర్లుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. పిన్ను సంగతి ఒక్క అక్షరం బయటపడ్డా ఆ పిల్ల బతకదు.

"సరే. ఏం లేదు నీలిమా, ఇక్కడ రేసు వాళ్ళు రేపటి చివరి రౌండ్ దారి నోట్సు అడుగుతున్నారు. ఒక్క నిమిషం చెప్తే రాసుకుంటాను."

నీలిమ గొంతు వచ్చింది. వణుకు లేదు. నావిగేటర్ డ్రైవర్‌కి దారి చదివే గొంతు అది.

"రాసుకో అక్కా. వెనక గేటు నుంచి ఎడమ. మూడొందల మీటర్లు. వాగు, నీళ్ళున్నాయి. దాటాక కుడి, గట్టి మలుపు. ఎక్కుడు. కుడిపక్క జీడితోట. చివర దిగుడు... దిగుడు పక్కన గట్టు లేదు, అక్కా. లోతు..."

ఫోన్ ఆగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

"ఇది రేసు దారి కాదండి," అన్నాడు తాతబాబు వెంటనే. "రేసులో జీడితోటెక్కడుంది? ఇది పాత రాయి క్వారీకి ఎల్లే దారి. గుంత నిండా నీరే. ఎంత లోతో ఎవులికీ తెల్దు."

గుణశేఖర్ తన జీపు వైపు రెండడుగులు వేసి ఆగాడు. రాత్రి కురిసిన వానకి ఆ వాగులో తొడ లోతు నీళ్ళున్నాయి. ఎత్తు చక్రాల పికప్పు దాటగలదు గానీ పోలీసు జీపు మధ్యలోనే ఆగిపోతుంది. చుట్టూ తిరిగి వెళ్ళే రోడ్డుకి నలభై నిమిషాలు. వాళ్ళు వెళ్ళి అప్పటికే పన్నెండు నిమిషాలు.

అందరి చూపూ పదిహేనో నంబరు జీపు మీద పడింది.

"నాలుగు నిమిషాలు ఇయ్యండి," అన్నాడు తాతబాబు. ఎవరి సమాధానం కోసమూ ఆగలేదు. పెద్ద స్పానర్ తీసుకుని కుడి చక్రం వెనక్కి దూరాడు.

గుణశేఖర్ కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి, క్వారీకి అవతలివైపు నుంచి మనుషుల్ని పంపమని అరుస్తున్నాడు. అనూరాధ టార్చి పట్టుకుంది. స్పానర్ మీద తాతబాబు ఒళ్ళంతా వేలాడాడు. నట్టు మూడు చుట్లూ తిరిగి కిర్రుమని బిగిసింది. కన్నం గాడిలోకి రాలేదు. చెమట కళ్ళలోకి కారుతోంది. ఇంకొంచెం తిప్పాడు. రాలేదు. ఇంకొంచెం.

"వెనక్కి తిప్పెయ్, వదులైనా ఫర్వాలేదు, వెళ్దాం," అన్నాడు గుణశేఖర్ పైనుంచి.

"వొదులెడితే మనమూ దేవీబాబు పక్క మంచమే సార్."

పళ్ళు బిగించి ఇంకొక్క గుంజు గుంజాడు. గాడీ, కన్నమూ కలిశాయి. ట్రేలోని రెండో పిన్ను దూరింది. ఒక కాలు పైకి, ఒక కాలు కిందికి. తాతబాబు బయటికి దొర్లి లేచి, చేతులు చొక్కాకి తుడుచుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. అనూరాధ నావిగేటర్ సీటెక్కింది. 11:36.

గుణశేఖర్ ఇంకా నేల మీదే నిలబడ్డాడు. అతని నడుముకి తాతబాబు బేడీలు వేలాడుతున్నాయి. కుడి చక్రం వైపు ఓసారి చూశాడు. స్టీరింగ్ వెనకున్న మనిషిని చూశాడు. పొద్దుటిదాకా నేరస్థుడని తను రాసిన మనిషి.

"నమ్మకం లేకపోతే ఇక్కడే ఉండిపోండి సార్," అన్నాడు తాతబాబు. "నాను ఆగను."

గుణశేఖర్ వెనక కమ్మీ పట్టుకుని ఎగిరి ఎక్కాడు. "తోలు తాతబాబూ."

వెనక గేటు దాటగానే ఎడమ. మూడొందల మీటర్లు గుంతల్లో జీపు ఎగిరెగిరి పడింది. పడ్డ ప్రతిసారీ అనూరాధ ప్రాణం కుడి చక్రంలో ఉంది. స్టీరింగ్ తిరిగిన వైపే చక్రాలు తిరిగాయి. వాగు దగ్గర తాతబాబు వేగం తగ్గించలేదు. నీళ్ళు బానెట్ మీదుగా లేచి అద్దం మీద కొట్టాయి. ఇంజను ఒకసారి దగ్గి మళ్ళీ అందుకుంది. అవతలి గట్టెక్కి, గట్టి మలుపులో కుడికి తిరిగి, జీడితోట పక్కన ఎక్కుడంతా ఒక్క ఊపులో ఎక్కారు.

పైకి రాగానే తాతబాబు బ్రేకు మీద నిలబడ్డాడు.

ముందు నలభై అడుగుల్లో వీరేంద్ర పికప్పు ఆగి ఉంది. రెండు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది. లోపల ఎవరూ లేరు. తడి మట్టిలో రెండు జతల అడుగులు క్వారీ అంచు దాకా వెళ్ళాయి.

గుణశేఖర్ తుపాకీ తీసి ముందుకి నడిచాడు. అనూరాధ అడుగుల పక్కన వంగింది. అంచు దగ్గర మట్టి పెళ్ళ అప్పుడే విరిగి పడినట్టు తడిగా ఉంది. అక్కడినుంచి వెనక్కి, జీడితోటలోకి, ఒక్క జత అడుగులే ఉన్నాయి. చిన్న అడుగులు. పరిగెత్తిన అడుగులు.

కింద, నీళ్ళలో, ఇస్త్రీ చెదిరిన చొక్కాతో ఎవరో ఈదుతున్నారు.